ఎవరూ ఉండని మంచు దీవికి ఇంట్లో కూర్చుని పటం గీయడం, పేర్లు రాయడం ఎట్టా

నేను చేసేది సర్వే పని. అల్లూరు, ఇస్కపల్లి, విడవలూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు కొలవడం, గట్టు తగాదా వస్తే ఎఫ్‌ఎంబీ కాగితం, అంటే పొలం కొలతలుండే సర్కారు పటం, పట్టుకొని సర్వే రాళ్లు వెతకడం, అదీ నా బతుకుతెరువు. పగలంతా ఎండలో తిరిగి, రాత్రి భోంచేశాక లాప్‌టాప్ తెరిచి నేను గీసుకునే పటం మాత్రం మన జిల్లాది కాదు, బువే దీవి అని దక్షిణ అట్లాంటిక్‌లో ఆఫ్రికా కొసకీ అంటార్కిటికాకీ మధ్యలో ఒంటరిగా ఉండే మంచు దీవి ఒకటుంది, దానిది. అంటార్కిటికా ఒడ్డు నుంచి ఉత్తరంగా 1,700 కిలోమీటర్లు. మనిషి ఉండడు. నార్వే దేశం కింద ఉంది. మొత్తం 49 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో దాదాపు 12,100 ఎకరాలు, అందులో నూటికి 93 వంతులు మంచు కప్పే ఉంటుంది, అంటే నేల కనిపించేది ఓ ఎనిమిదొందల యాభై ఎకరాలు, అంతే.

ఇట్టాంటి చోటికి మనం పొయ్యేది లేదు, చూసేది లేదు, అయినా పటం గీయొచ్చు, అదీ నిజాయితీగా గీయొచ్చు. ఎట్టాగో మొదట్నుంచీ రాస్తా. కావాల్సింది మామూలు లాప్‌టాప్ ఒకటి, నెట్, క్యూజీఐఎస్ అనే పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్, నాలుగైదు ఆదివారాలు. రూపాయి ఖర్చు లేదు. కానీ ఒక్కటి ముందే మనసులో పెట్టుకోండి, మీరు గీసే ప్రతి గీతకీ రాసే ప్రతి పేరుకీ "ఇది నీకెట్టా తెలుసు" అని ఎవరన్నా అడిగితే జవాబు ఉండాలి. పొలం సర్వేలో అయితే పక్కనే రైతు నిలబడి ఉంటాడు, తప్పు గీస్తే అక్కడికక్కడే చొక్కా పట్టుకుంటాడు. ఆ దీవిలో అడిగేవాడు లేడు గాబట్టి మనల్ని మనమే అడుక్కోవాలి.

మొదటి పని గీయడం కాదు, అది యాడుందో ఖాయం చేసుకోవడం. ఈ సంగతి చిన్నదిగా తియ్యొద్దు, బువే దీవి కథంతా దీని చుట్టూనే ఉంది. 1739 జనవరి 1న ఫ్రెంచి నావికుడు జాన్ బాటీస్ట్ షార్ల్ బువే దె లోజియే పొగమంచులో దూరంగా మంచు కప్పిన కొమ్ము ఒకటి చూశాడు. అది దీవి అని కూడా ఆయనకి తెలీదు, దక్షిణాన ఏదో పెద్ద ఖండం ఉందని అప్పట్లో అందరి నమ్మకం, దాని కొస అనుకున్నాడు. ఆ రోజు క్రైస్తవుల క్యాలెండర్లో యేసు సున్నతి పండగ, అందుకని ఫ్రెంచిలో ఆ పండగ పేరే పెట్టి "కాప్ ద లా సిర్‌కోంసిజియోఁ" అన్నాడు. అక్షాంశం దాదాపు సరిగానే రాశాడు, సూర్యుడి ఎత్తు చూసి అది లెక్క కట్టొచ్చు. రేఖాంశం మాత్రం తప్పిపోయింది. ఎందుకంటే రేఖాంశం అంటే అసలుకి టైము లెక్క, బయల్దేరిన ఊళ్లో ఇప్పుడు టైమెంతో ఓడలో తెలిస్తేనే అది కచ్చితంగా తేలుతుంది, సముద్రంలో కూడా తప్పని గడియారం 1739లో ఇంకా రాలేదు. ఆ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే 65 కిలోమీటర్లు, గడియారం నాలుగు నిమిషాలు తేడా వస్తే చాలు 65 కిలోమీటర్లు పక్కకి పోతాం.

ఆ తర్వాత 1772లో ఒకసారి, 1775లో ఇంకోసారి కెప్టెన్ కుక్ దానికోసం వెతికాడు. కుక్ దగ్గర అప్పటికి మంచి గడియారం ఉంది, అంటే తనెక్కడున్నాడో ఆయనకి బాగా తెలుసు, తెలీనిదల్లా బువే ఎక్కడున్నాడన్నది. దొరకలేదు. బువే చూసింది మంచుగడ్డ అయ్యుంటుంది అనుకున్నాడు. 1808లో జేమ్స్ లిండ్సే అనే తిమింగలాల వేట ఓడ కెప్టెన్‌కి మళ్లీ కనపడింది. 1825లో జార్జ్ నారిస్ అనే ఇంకో కెప్టెన్ ఆడికొచ్చి, లివర్‌పూల్ దీవి అని పేరు పెట్టి బ్రిటన్‌కి రాసేశాడు. చివరికి 1898లో వాల్డీవియా అనే జర్మన్ పరిశోధన ఓడ వచ్చి దాని స్థానం సరిగ్గా తేల్చింది. అంటే కనిపించిన 159 ఏళ్లకి. దీవి ఎక్కడికీ పోలేదు, కాగితం మీద రాసిన అంకె తప్పు.

మీరు కూడా ఇదే తప్పు ఒక్క సెకనులో చెయ్యగలరు. బువే దీవి ఉండేది దక్షిణ అక్షాంశం 54 డిగ్రీల 25 నిమిషాలు, తూర్పు రేఖాంశం 3 డిగ్రీల 22 నిమిషాల దగ్గర. దశాంశంలో మైనస్ 54.42, ప్లస్ 3.37. ఆ మైనస్ మర్చిపోతే ఇంగ్లాండుకి తూర్పున ఉత్తర సముద్రంలో తేల్తారు. రెండంకెలూ తారుమారు చేస్తే దక్షిణ అమెరికాలో సురినామ్ అడవుల దగ్గర తేల్తారు. సాఫ్ట్‌వేర్ ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం, మనం నోటితో చెప్పేది ముందు అక్షాంశం, ఈ గొడవ మన గుంటలు కొలిచేప్పుడు కూడా ఉండేదే, కాకపోతే నెల్లూరు 14, 80 అంకెలు కంటికి అలవాటైపోయి తప్పు వెంటనే తెలుస్తుంది. కొత్త చోట తెలీదు. అంకెలు ఒక కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకోండి, నేను అట్టానే చేస్తా.

రెండోది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతి. ఇందులో నేను దెబ్బ తిన్నా కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. మొదటిసారి గీసినప్పుడు నెట్‌లో వచ్చే మామూలు మ్యాప్‌నే వెనక పెట్టుకొని, ఆ ప్రొజెక్షన్‌లోనే గీసి, ఆ గళ్ల లెక్కలోనే వైశాల్యం తీశా. 145 చదరపు కిలోమీటర్లు వచ్చింది. 49 ఉండాల్సింది మూడింతలైంది. గీత తప్పేమో అని రెండు రాత్రులు మళ్లీ మళ్లీ గీశా, గీతలో తప్పేం లేదు. ఫోన్లో చూసే మ్యాపులన్నీ వెబ్ మెర్కేటర్ అనే పద్ధతిలో ఉంటాయి, అది భూమధ్యరేఖ నుంచి దూరం పొయ్యేకొద్దీ అన్నిటినీ సాగదీస్తుంది. నెల్లూరు దగ్గర ఆ సాగుడు వైశాల్యంలో నూటికి ఆరేడు వంతులే, మనకి తెలీనే తెలీదు. 54 డిగ్రీల దగ్గర దాదాపు మూడు రెట్లు. అందుకని ప్రాజెక్ట్ తెరవంగానే కింద కుడిపక్క ఉండే ఈపీఎస్‌జీ నంబరు, అంటే ఒక్కో ప్రొజెక్షన్‌కి ఉండే గుర్తు నంబరు, నొక్కి 32731 పెట్టండి, అది యూటీఎం అనే ప్రొజెక్షన్‌లో 31వ జోన్, దక్షిణార్ధం. మన నెల్లూరు పనికి పెట్టేది 32644, అది 44వ జోన్ ఉత్తరార్ధం, పొరపాటున అదే ఉంచేస్తే దీవి ఆకారం చెడిపోతుంది. ఇంకా దక్షిణంగా అసలు అంటార్కిటికా దగ్గర దీవి తీసుకుంటే 3031 అనే ధ్రువ ప్రొజెక్షన్ వాడతారు. పెట్టాక ఒక్కసారి వైశాల్యం చూడండి, 49కి దగ్గరగా వస్తే దారిలో ఉన్నట్టు.

ఇప్పుడు ఫొటోలు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల ఫొటోలు 1972 నుంచి ఉన్నాయి, అమెరికా యూఎస్‌జీఎస్ వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఖాతా తెరిస్తే ఉచితంగా దిగుతాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఫొటో ఇంకా సన్నగా ఉంటుంది, 10 మీటర్లది, కానీ వాళ్ల ప్లాన్ 100 చదరపు కిలోమీటర్ల కన్నా పెద్ద దీవుల లెక్కన వేసుకున్నది, బువే అందులో సగమే, అందుకని దాన్ని నమ్ముకొని కూర్చోకుండా ల్యాండ్‌శాట్ 8, 9లతో మొదలుపెట్టండి. దీని పిక్సెల్, అంటే ఫొటోలో ఒక్కో చిన్న గడి, 30 మీటర్లు. మన భాషలో చెప్పాలంటే సర్వే గొలుసు 66 అడుగులు, అంటే 20 మీటర్లు, కాబట్టి ఒక పిక్సెల్ పొడవు గొలుసున్నర. ఒక పిక్సెల్ వైశాల్యం 22 సెంట్లు. 22 సెంట్ల స్థలం మొత్తానికి ఒకే రంగు, దాని లోపల ఏముందో దేవుడికే తెలియాలి. ఇది గుర్తుంటే మనం ఎంతవరకు గీయొచ్చో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని ఒక్కో పొరగా తీస్తుంది, ఆ పొరనే బ్యాండ్ అంటారు, అందులో నలుపు తెలుపుది ఒకటి, 8వది, అది 15 మీటర్లది, దాన్ని రంగు ఫొటోతో కలిపితే అంచులు కొంచెం తేటపడతాయి.

మబ్బు పెద్ద సమస్య. ఆ దీవి మీద ఆకాశం తేటగా ఉండే రోజులు అరుదు, వందల ఫొటోల్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే పనికొస్తాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చూడండి, మనకి సంక్రాంతి చలి, వాళ్లకి ఎండాకాలం, సూర్యుడు కాస్త పైకొస్తాడు, నీడలు తగ్గుతాయి. సైట్‌లో మబ్బు శాతం ఫిల్టర్ ఉంటుంది గానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు, అది ఫొటో మొత్తానికి లెక్క, సముద్రమంతా మబ్బు పట్టి దీవి ఒక్కటీ బయటపడ్డ ఫొటో ఉంటే ఆ ఫిల్టర్ దాన్ని తీసి పారేస్తుంది. చిన్న బొమ్మలు ఒక్కొక్కటే కంటితో చూసుకోవాల్సిందే.

మంచూ తెలుపే, మబ్బూ తెలుపే, మరి ఏది ఏదో ఎట్టా చెప్పడం? మామూలు రంగుల్లో చూస్తే చెప్పలేం. క్యూజీఐఎస్‌లో బ్యాండ్లు 6, 5, 4 వరసలో పెట్టండి. 6వ బ్యాండ్ మన కంటికి కనపడని పరారుణ కాంతి, మంచు దాన్ని తాగేస్తుంది, నీటిబొట్లతో ఉండే మబ్బు తిప్పికొడుతుంది. దాంతో మంచు నీలి ఆకుపచ్చగా, మబ్బు తెల్లగా, రాయి గోధుమ రంగులో, సముద్రం నల్లగా విడిపోతాయి. మొదటిసారి ఇట్టా పెట్టి చూసినప్పుడు, అప్పటిదాకా ఒకటే సున్నప్పిడుచులా ఉన్నది ఒక్కసారిగా కొండ, హిమానీనదం, ఒడ్డు అని విడివిడిగా లేచి కనపడింది నాకు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక జాగ్రత్త, బాగా ఎత్తులో ఉండే పల్చటి మంచుపలుకుల మబ్బు కూడా నీలంగానే కనపడొచ్చు, అప్పుడు దాని నీడ ఎక్కడన్నా పడిందేమో వెతకండి, రెండో తేదీ ఫొటోతో పోల్చండి.

నీడ సంగతి వచ్చింది కాబట్టి, మనకి సంక్రాంతప్పుడు పొద్దున పదింటికి నీడ వాయవ్యానికి పడుతుంది, ఆడ దక్షిణార్ధం కాబట్టి సూర్యుడు ఈశాన్యాన ఉంటాడు, నీడ నైరుతికి పడుతుంది. బువే ఒడ్డు చాలాచోట్ల నిలువు కొండ, దాని నీడ నల్లగా సముద్రం మీద పడి సముద్రంలా కనపడుతుంది, లేదా నీడలో ఉన్న రాయి నీళ్లనుకుంటాం. దక్షిణం, పడమర ఒడ్లు గీసేప్పుడు ఇది తలుచుకోండి.

ఇంకోటి, ఫొటో ఫైలు పేరులో ఎల్1టీపీ అనో ఎల్1జీటీ అనో ఉంటుంది. మొదటిదాన్ని నేల మీద తెలిసిన గుర్తులతో సరిపెట్టారు, రెండోదానికి అట్టాంటి గుర్తులు సరిపడా దొరకలేదు. మంచు దీవులకి రెండో రకం ఎక్కువ తగులుతుంది. అది వాడకూడదని కాదు, మూడు తేదీల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఏదన్నా రాతి కొమ్ము ఒకటి పట్టుకొని అది ఎన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరుగుతుందో కొలవండి. ఆ తేడా పటం మూల రాయండి. రొయ్యల గుంటల్లో మేం రాళ్ల మధ్య గొలుసు తేడా రాసుకున్నట్టే.

సరే, ఇప్పుడు గీద్దాం అంటారా? ఆగండి. ముందు ఈడ ప్రాక్టీసు చెయ్యండి, మీరు నడిచి చూసుకోగలిగిన చోట. నేను ఊటుకూరు దగ్గర పెన్నా సముద్రంలో కలిసే చోటు తీసుకున్నా. ల్యాండ్‌శాట్ ఫొటోలో మొగ దగ్గర ఇసుకదిబ్బ ఒడ్డు గీసి, తర్వాత వారం పొయ్యి జీపీఎస్ పట్టుకొని అదే ఒడ్డెంట నడిచా. నా గీతకీ నా నడకకీ తేడా కొన్నిచోట్ల పిక్సెలున్నర, 45 మీటర్లు. ఎందుకంటే తడి ఇసుక ఫొటోలో నీళ్లలా నల్లగా ఉంటుంది, పైగా ఫొటో తీసినప్పుడు ఆటో పోటో మనకి తెలీదు. ఈ తేడా ఒకసారి కాళ్లతో నడిచి తెలుసుకుంటే, నడవలేని దీవికి గీసేప్పుడు చెయ్యి అదుపులో ఉంటుంది.

ఆ రోజు ఇంకో సంగతి కూడా జరిగింది. ఊటుకూరులో వేటకి పొయ్యే పెద్దాయన ఒకరున్నారు, నేను మామా అని పిలుస్తా, వరస కాదు, అలవాటు. ఆయన పడవలో దిబ్బ చుట్టూ తిరుగుతా "మామా దీనికి పేరేంది" అని అడిగా. "దీనికా? కొత్తదిబ్బ. నివర్ గాలివానకి పెన్నేరు పొర్లినప్పుడు పడింది గదా. పాతదిబ్బ అదిగో ఆ సరుగుడు చెట్ల కాడ ఉండాది, దాంట్లో దొరువు ఉండాది, తియ్యనీళ్లు" అన్నాడు. ఇసుకలో తవ్వుకునే ఆ చిన్న నీళ్లగుంటని దొరువు అని మనవైపే అంటారు. ఏ కాగితంలోనూ ఈ పేర్లు లేవు. నేను రాసుకున్నా: కొత్తదిబ్బ, తెలుగు, ఊటుకూరు వేటగాళ్ల వాడుక, 2020 నవంబర్ వరద తర్వాత, విన్నది పడవలో.

ఇంటికొచ్చి బువే దీవి పడమర ఒడ్డు చూస్తే ఆడ నీరోయ్సా అని ఒక చోటుంది. 1955కీ 1958కీ మధ్య ఎప్పుడో కొండచరియ విరిగి సముద్రంలో పడి కొత్తగా చదును ఏర్పడింది, ఇప్పుడు పెంగ్విన్లు, సీల్ జంతువులు ఎక్కువగా ఉండేది దాని మీదే. నార్వేజియన్‌లో నీ అంటే కొత్త, రోయ్స్ అంటే రాళ్లకుప్ప, చివర ఆ అనేది ఆ భాషలో "ఆ ఫలానా" అని చెప్పే ముక్క. కొత్తకుప్ప! మన మామ పెట్టిన పేరే. అది చదివిన రోజు నుంచి ఆ దీవి నాకు పరాయిదిగా అనిపించలా.

ఇక గీత. ఒడ్డుని ఒకే గీతగా గీయొద్దు, ఇదే అందరూ చేసే పొరపాటు. రెండు రకాలుగా గీయండి, రాయి సముద్రాన్ని తాకే చోట ఒక రకం గీత, మంచు సముద్రాన్ని తాకే చోట ఇంకో రకం. రాయి ఒడ్డు మీ జీవితంలో పెద్దగా మారదు, మంచు అంచు ప్రతి ఏడూ ముందుకో వెనక్కో జరుగుతుంది, రెంటినీ ఒకే నల్లగీతతో గీస్తే చూసేవాళ్లని మోసం చేసినట్టే. మంచు గీత పక్కన ఫొటో తేదీ రాయండి. నీడవల్ల కనపడని ముక్క ఉంటే చుక్కల గీత పెట్టండి, ఊహించి కలపొద్దు. జూమ్ 1:50,000 దాటి లోపలికి పోవద్దు, పిక్సెల్ మెట్లు కనపడేదాకా పొయ్యి ఆ మెట్ల వెంట గీస్తే లేని వంకరలు పుడతాయి. ఆ స్కేలులో దీవి మొత్తం ఏ4 కాగితంలో పడుతుంది, ప్రింటు తీసి గోడకి పెట్టుకోవచ్చు కూడా. ఎత్తులకి కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల ఫైలు ఉచితమే, దాంతో క్యూజీఐఎస్ తనే కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, గీస్తుంది, 50 మీటర్లకొకటి చాలు. అన్నిటికన్నా ఎత్తు శిఖరం 780 మీటర్లు, మీ ఫైల్లో దానికి బాగా తేడా వస్తే ఏదో తప్పు జరిగింది. మధ్యలో చదునుగా మంచు నిండి ఉండేది పాత అగ్నిపర్వతం నోరు, విల్‌హెల్మ్ పీఠభూమి అంటారు, ఆడ కాంటూర్లు ఎడంగా వస్తాయి, అది తప్పు కాదు.

తేదీ ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. 1996లో నార్వే వాళ్లు నీరోయ్సా మీద కంటైనర్‌లాంటి పరిశోధన గది ఒకటి పెట్టారు. 2006లో భూకంపం వచ్చి ఆ చోటు బలహీనపడింది, 2007లో ఉపగ్రహం ఫొటోలు చూస్తే గది లేదు, కొట్టుకుపోయింది. ఆ మధ్యలో గీసిన పటం మీద తేదీ లేకపోతే అది నిజమో అబద్ధమో ఎవరూ చెప్పలేరు.

ఇంక పేర్లు. నాకు ఇష్టమైన భాగం ఇదే, ఓపిక కూడా దీనికే ఎక్కువ కావాలి. ముందు ఒక పట్టీ చేసుకోండి, ఎక్సెల్ అయినా సరే నోటుబుక్కు అయినా సరే: పేరు, ఏ భాష, ఎవరు పెట్టారు, ఏ ఏడు, దేన్ని బట్టి, నాకు ఎక్కడ దొరికింది. ఆరు గళ్లూ నిండితేనే పటం మీద రాయండి. బువే దీవి పేర్లు నార్వేజియన్ పోలార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పేర్ల పట్టీలో ఉంటాయి, ట్రోమ్సో ఊళ్లో ఉంటుంది ఆ సంస్థ, పట్టీ నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అంటార్కిటిక్ ఒప్పందం 60 డిగ్రీల అక్షాంశానికి దక్షిణాన ఉన్నదానికే వర్తిస్తుంది, బువే దానికి పైనే ఉంది కాబట్టి ఇక్కడ నార్వే మాటే మాట. 60కి కింద అయితే ఒక్కో దేశం తన పేరు తను పెడుతుంది, స్కార్ అనే అంటార్కిటికా పరిశోధనల అంతర్జాతీయ సంస్థ అన్నీ కలిపి ఒక గెజెటీర్‌లో, అంటే పేర్ల పట్టీలో, పెడుతుంది. అందుకే ఒకే ద్వీపకల్పం మ్యాపుల్లో అంటార్కిటిక్ పెనిన్సులా అని, అర్జెంటీనా వాళ్లకి సాన్ మార్టిన్ నేల అని, చిలీ వాళ్లకి ఓహిగిన్స్ నేల అని ఉంటుంది. మన దేశం పెట్టినవీ ఉన్నాయి ఆ ఖండం మీద, మైత్రి, భారతి అనే పరిశోధన కేంద్రాలు, మైత్రి పక్కన ప్రియదర్శిని సరస్సు.

పేరు పొరల్లో చరిత్ర కనపడుతుంది, చూడండి. వాయవ్య కొసకి ఇప్పటికీ కాప్ సిర్‌కోంసిజియోఁ అనే ఉంది, ఫ్రెంచి పొర. ఉత్తరాన కాప్ వాల్డీవియా, పొసడోవ్‌స్కీ హిమానీనదం, జర్మన్ పొర, 1898 ఓడ వదిలిపెట్టింది. 1927 డిసెంబర్ 1న నార్వేగియా అనే ఓడలో హారల్డ్ హోర్న్‌ట్వెట్ వచ్చి నార్వేది అని ప్రకటించి పటం గీశాడు, ఆ యాత్రకి డబ్బు పెట్టింది లార్స్ క్రిస్టెన్‌సెన్, నైరుతిన ఉన్న చిన్న దీవి లార్సోయా, క్రిస్టెన్‌సెన్ హిమానీనదం ఆయన పేరు మీదే, అది నార్వే పొర. నారిస్ పెట్టిన లివర్‌పూల్ దీవి పేరు మాత్రం ఎగిరిపోయింది, స్థానం తప్పు రాసినా మొదట చూసిన మనిషి పేరే నిలిచింది.

తెలుగులో రాసేప్పుడు అక్షరం చూసి రాయొద్దు, నోరు చూసి రాయండి. బౌవెట్ కాదు, ఫ్రెంచిలో చివరి ట పలకదు, బువే. అన్నిటికన్నా ఎత్తు శిఖరం నార్వే యువరాజు పేరు మీద పెట్టింది, తర్వాత రాజయ్యాడాయన, దాన్ని ఊలావ్‌టొప్పెన్ అని రాస్తే వాళ్ల పలుకుబడికి దగ్గర. నీరోయ్సాలో నీ అనేటప్పుడు ఈ అంటూ పెదాలు ఊ లాగా పెట్టాలి, ఆ శబ్దం మనకి లేదు, నీ అని రాసి ఊరుకోవడమే. టొప్పెన్ అంటే శిఖరం, బ్రేన్ అంటే హిమానీనదం, ఓయా అంటే దీవి, ఈ మాటలు పేరులోనే ఉన్నాయి కాబట్టి ఊలావ్‌టొప్పెన్ శిఖరం అంటే శిఖరం రెండుసార్లు అన్నట్టు. మనం పెన్నేరు నది అంటే ఏరు, నది రెండూ వచ్చినట్టే. తప్పని నేననను, తెలీని చదువరికి అది శిఖరమని తెలియాలి గదా, అందుకే పట్టీలో అసలు పేరు ఉంచి పటం మీద మాత్రం శిఖరం కలిపి రాస్తా.

మరి పేరు లేని రాయి కనపడితే? మీకు కనపడుతుంది, ఒడ్డుకి దూరంగా ఒక నల్లచుక్క, పట్టీలో లేదు. అప్పుడు చెయ్యి దురద పెడుతుంది, మన ఊరి పేరు పెడదామా, పాప పేరు పెడదామా అని. నాకూ పెట్టింది. పెట్టొద్దు. నంబరు పెట్టండి, అంతే, 1, 2, 3. ఎందుకంటే ఆ చుక్క రాయో, తేలే మంచుగడ్డో మీకు తెలీదు. 1825లో నారిస్ బువే దీవికి ఈశాన్యంగా ఇంకో దీవి చూశానని థాంప్సన్ దీవి అని పేరు పెట్టి రాశాడు. 1898లో వాల్డీవియా ఓడ వెతికింది, లేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అది పటాల్లో ఉంది. పేరుంది కాబట్టి ఉందనుకున్నారు, పేరు లేకుండా ఉత్త ప్రశ్నగుర్తు పెట్టి ఉంటే ఎప్పుడో తీసేసేవాళ్లు. మీ చుక్క మూడు వేరువేరు ఏళ్ల ఫొటోల్లో అదే చోట ఉంటే అది రాయి అని నమ్మండి, అప్పుడు కావాలంటే పోలార్ ఇన్‌స్టిట్యూట్‌కి స్థానం, ఫొటో తేదీలు రాసి పంపొచ్చు.

గీసింది అందరికీ పనికిరావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే ఎవరైనా గీయగల ఉచిత నెట్ పటంలో, పెట్టొచ్చు. రెండు మూడు కట్టుబాట్లు ఉన్నాయి. గూగుల్ మ్యాప్ చూసి కాపీ కొట్టకూడదు, లైసెన్స్ ఒప్పుకోదు. తీరం గీత గీసేప్పుడు నేల ఎడంచేతి పక్క, నీళ్లు కుడిచేతి పక్క ఉండేలా గీయాలి, దిక్కు తిరగబడితే దీవి సముద్రంలా, సముద్రం నేలలా చూపిస్తుంది. ఉన్న గీతని చెరిపి మీది పెట్టేముందు పాతది ఏ ఫొటో నుంచి గీశారో చరిత్రలో చూడండి, మీకన్నా మంచి ఫొటో చూసి గీసుండొచ్చు. తెలుగు పేరు గడి కూడా ఉంటుంది, తెలుగులో అప్పటికే వాడుకలో ఉన్న పేరైతేనే అందులో నింపండి, మనకి మనం కొత్తగా కట్టినవి మన సొంత పట్టీలో ఉంచుకుందాం.

అదే దారిలో కొత్తదిబ్బ కూడా పెట్టా, ఊటుకూరు వాళ్లు రోజూ అనే పేరే కాబట్టి దానికి ఏ అడ్డూ లేదు. పోయిన నెల మామ ఫోన్ చేసి దిబ్బకి ఉత్తరం కొమ్ము కోసుకుపోయిందన్నాడు. ఈ ఆదివారం కొత్త ఫొటో దించి, ఆ కొమ్ము వరకూ గీత చెరిపి, పక్కన తేదీ మార్చాలి.